ఫ్రెంచ్ నేర్చుకోవాలా, స్వీడిష్ నేర్చుకోవాలా? రెండూ మొదలుపెట్టిన కోనసీమ కుర్రాడి రివ్యూ

ఒకసారి మీ ఫోన్ తీసి చూడండి. ట్రూకాలర్ ఉందా? అది 2009లో స్టాక్‌హోంలో పుట్టిన యాప్. పాటలకి స్పాటిఫై వాడుతున్నారా? అదీ స్టాక్‌హోందే. మీ ఇయర్‌బడ్స్ కనెక్ట్ అయ్యే బ్లూటూత్ మీద పని మొదలైంది కూడా స్వీడన్‌లోనే, లుండ్ అనే ఊళ్లో, ఎరిక్సన్ ఇంజనీర్ల దగ్గర. ఇక ఏ ఫార్మాట్ వీడియో ఇచ్చినా కాదనకుండా ప్లే చేసే వీఎల్‌సీ ఉంది చూశారా, అది 1996లో ఫ్రాన్స్‌లో ఎకోల్ సాంత్రాల్ పారిస్ అనే ఇంజనీరింగ్ కాలేజీ స్టూడెంట్ల ప్రాజెక్టుగా మొదలైంది. అంటే ఈ రెండు దేశాలూ మన జేబులో ఎప్పటి నుంచో ఉన్నాయి. వాళ్ల భాషలే లేవు.

ఎప్పుడూ ఫోన్లూ పవర్ బ్యాంకులూ రివ్యూ చేసే నేను ఈసారి భాషల మీద పడటానికి కారణం మా పిన్ని కొడుకు. ఇంజనీరింగ్ ఫైనల్ ఇయర్. సంక్రాంతికి అమలాపురం వచ్చినప్పుడు ఫోన్ చూపించి, "అన్నయ్యా, యాప్‌లో ఫ్రెంచ్ ట్రై చేశాను, స్వీడిష్ ట్రై చేశాను. స్వీడిష్ చాలా ఈజీగా ఉంది. అదే ఫిక్స్ అయిపోనా?" అన్నాడు. వాడి డౌటే చాలా మందికి ఉంది. వాడికి ఆ రోజు అరుగు మీద కూర్చుని చెప్పినదాన్నే ఇక్కడ కొంచెం పద్ధతిగా రాస్తున్నాను.

ముందు నా సంగతి చెప్పాలి, లేకపోతే నా మాట ఎందుకు వినాలో మీకు తెలీదు. 2022లో హైదరాబాద్‌లో జాబ్ చేస్తూ నేనూ, మా రూమ్మేటూ కెనడా మీద ఆశతో ఫ్రెంచ్ కోచింగ్‌లో చేరాం. నేను కట్టింది పద్దెనిమిది వేలు. "ఆరు నెలల్లో బీ2 లెవెల్ గ్యారంటీ" అని ఆ సెంటర్ వాళ్లు చెప్పారు, నేను నమ్మాను. నాలుగో నెలలో మానేశాను. రూమ్మేట్ మానలేదు. 2024లో నన్ను కంపెనీ ఒక ప్రాజెక్ట్ మీద స్టాక్‌హోం పంపింది. అక్కడ పదకొండు నెలలు ఉండి, స్వీడిష్ మాత్రం సీరియస్‌గా నేర్చుకున్నాను. ప్రాజెక్ట్ అయిపోయింది, తిరిగి వచ్చేశాను. ఇప్పుడు అమలాపురంలో మా ఇంటి మేడ మీద వర్క్ ఫ్రమ్ హోమ్. కాబట్టి ఒక భాష నేను మధ్యలో వదిలేశాను, ఇంకో భాష నన్ను మధ్యలో వదిలేసింది. రెండు వైపులా దెబ్బ తిన్నవాడి రివ్యూ ఇది.

అసలు ఎన్ని గంటలు పడుతుంది?

అమెరికా ప్రభుత్వం తన రాయబార ఉద్యోగులకి భాషలు నేర్పడానికి ఫారిన్ సర్వీస్ ఇన్‌స్టిట్యూట్ అని ఒకటి నడుపుతుంది. ఉద్యోగం చేయగలిగేంత భాష రావడానికి వాళ్ల లెక్క ప్రకారం స్వీడిష్‌కి 24 వారాలు, అంటే దాదాపు 600 క్లాసు గంటలు. ఫ్రెంచ్‌కి 30 వారాలు, దాదాపు 750 గంటలు. సరదాకి చెప్తున్నాను, అదే లెక్కలో మన తెలుగుకి 44 వారాలు, 1100 గంటలు. మనం పుట్టుకతోనే కష్టమైన కోర్సు పాసైపోయాం అన్నమాట.

ఈ నంబర్లు యూట్యూబ్‌లో చాలా మంది చెప్తారు. తర్వాతి లెక్క మాత్రం చెప్పరు. మీరు జాబ్ చేసుకుంటూ రోజుకి గంట చదివితే ఫ్రెంచ్‌కి 750 రోజులు, అంటే రెండేళ్లు దాటుతుంది. స్వీడిష్‌కి ఏడాది ఎనిమిది నెలలు. పైగా ఆ ఇన్‌స్టిట్యూట్‌లో ఉద్యోగులకి చదువే పని, జీతం ఇచ్చి మరీ చదివిస్తారు. మనం ఆఫీసు కాల్స్ అయ్యాక రాత్రి పదిన్నరకి పుస్తకం తీస్తాం. బీ2 ఆ స్థాయి కంటే కొంచెం తక్కువే, అయినా ఆరు నెలల్లో గ్యారంటీ అన్నవాడికి డబ్బు కట్టకండి. నేను కట్టాను, చాలు.

ఇంకో విషయం. ఆ గంటలన్నీ ఇంగ్లీష్ మాతృభాష అయినవాళ్లకి వేసిన లెక్క. మనకి ఇంగ్లీష్ వచ్చు కాబట్టి కొంత వర్తిస్తుంది. కానీ మన నోరూ చెవీ తెలుగువి. ఈ తేడా వల్ల కొన్ని చోట్ల మనకి కలిసొస్తుంది. అది నేను చూసిన ఏ కోర్సులోనూ చెప్పలేదు, ఎందుకంటే అవన్నీ ఇంగ్లీష్ నుంచి నేర్పే కోర్సులే.

స్వీడిష్ మన నోటికి పడుతుంది

మొదటి నెలలో నాకు ఆశ్చర్యం వేసిన సంగతి ఇది. స్వీడిష్‌లో మన ట, డ, ణ, ష ఉన్నాయి! యూరప్ భాషల్లో ఈ శబ్దాలు చాలా అరుదు. పిల్లవాణ్ని "బార్న్" అని రాస్తారు, పలికేది "బాణ్". టేబుల్‌ని "బూర్డ్" అన్నట్టు రాసి "బూడ్" అంటారు. మ్యాప్ "కాటా". అంటే ఆర్ అక్షరం పక్కన టీ, డీ, ఎన్ వస్తే రెండూ కలిసిపోయి నాలుక పైకి మడత పడుతుంది. ఆర్ లేకుండా ఉత్త టీ ఉంటే అది మన "త". థాంక్స్ అంటే "తక్". నాతో పాటు క్లాసులో ఉన్న ఒక ఇంగ్లాండ్ ఆయనకి ఈ త, ట తేడా వినడానికే వారాలు పట్టింది. మనకి? ఒకటో తరగతిలో పలక మీద దిద్దిన తేడా అది. ఒక హెచ్చరిక ఏంటంటే ఇది స్టాక్‌హోం వైపు స్వీడిష్. దక్షిణాన స్కోనే ప్రాంతంలో ఆర్‌ని గొంతులోంచి పలుకుతారు, అక్కడ ఈ ట, ణ లు వినపడవు.

రెండోది దీర్ఘాలు, ఒత్తులు. మనకి గడి వేరు, గాడి వేరు, గడ్డి వేరు. ఎవరూ నేర్పనక్కర్లేదు. స్వీడిష్ నడిచేదీ ఇలాగే. "తాక్" అంటే ఇంటి కప్పు, "తక్క్" అంటే థాంక్స్. "గ్లాస్" అంటే నీళ్లు తాగే గ్లాసు, "గ్లస్స్" అంటే ఐస్‌క్రీమ్. ఇంత తెలిసీ నేను ఒక కేఫ్‌లో తొందరలో తప్పు పలికి, నీళ్లు అడగబోతే ఆ అమ్మాయి ఏ ఫ్లేవర్ కావాలి అని అడిగింది. చలికాలం, బయట మైనస్‌లో ఉంది. పరువు కోసం వెనిలా అన్నాను.

కష్టం లేదని కాదు. "ఏడు" అనే అంకెని ఎస్, జే, యూ అని రాసి "హ్వూ" అన్నట్టు ఏదో ఊదుతారు. దానికి తెలుగులో అక్షరం లేదు, ఇంగ్లీష్‌లోనూ లేదు. కొవ్వొత్తి ఆర్పినట్టు ఊదడం ప్రాక్టీస్ చేయండి. అలాగే కే అక్షరం పక్కన ఇ, ఎ లాంటి అచ్చు వస్తే "క" కాస్తా "ష" అవుతుంది. స్టాక్‌హోంలో ఐటీ ఆఫీసులు ఎక్కువగా ఉండే ఏరియా స్పెల్లింగ్ చూసి నేను వారం రోజులు "కిస్టా, కిస్టా" అన్నాను. అది "షిస్తా". ఇంకా కష్టమైంది స్వరం. "ఆండెన్" అనే మాటని ఒక రాగంలో అంటే బాతు, ఇంకో రాగంలో అంటే ఆత్మ. తెలుగులో మాటకి ఇలాంటి స్వరభేదం లేదు కాబట్టి ఇది నాకు ఈరోజుకీ సరిగ్గా రాదు. కానీ సందర్భాన్ని బట్టి వాళ్లే అర్థం చేసుకుంటారు, బాతు గురించి మాట్లాడుతుంటే దెయ్యం అనుకునేవాళ్లు ఉండరు.

గ్రామర్ సంగతి చెప్పాలంటే, క్రియ మారదు. తెలుగులో నేను మాట్లాడతాను, నువ్వు మాట్లాడతావు, వాళ్లు మాట్లాడతారు. స్వీడిష్‌లో "యా తాలర్, దూ తాలర్, వీ తాలర్, దొమ్ తాలర్". అంతా తాలరే. మా తమ్ముడికి యాప్‌లో ఈజీ అనిపించింది ఇందుకే. కారు "బీల్", ఆ కారు "బీలెన్". ఇంగ్లీష్‌లో ముందు తగిలించే "ద" ఇక్కడ తోక అయింది. తోకలు మనకి కొత్తా? ఊరు, ఊళ్లో, ఊరికి, ఊరి నుంచి. మనవి అన్నీ తోకలే. నామవాచకాలు రెండు రకాలు, ఎక్కువ భాగం "ఎన్" రకం, మిగిలినవి "ఎత్" రకం. ఏది ఏదో బట్టీ పట్టడమే. వాక్యంలో క్రియ ఎప్పుడూ రెండో స్థానంలో ఉండాలి అనే రూల్ ఒక్కటి అలవాటు కావాలి. "ఈరోజు తాగుతాను నేను కాఫీ" అన్నట్టు ఉంటుంది వరస.

ఫ్రెంచ్‌కి మన సంధులు ఉన్నాయి

ఫ్రెంచ్ మొదటి రెండు నెలలు చిరాకు తెప్పిస్తుంది. రాసేది ఒకటి, పలికేది ఒకటి. "పార్ల్" అనే ఒకే శబ్దాన్ని నేను, నువ్వు, వాడు, వాళ్లు అనేదాన్ని బట్టి వేరువేరు స్పెల్లింగుల్లో రాస్తారు. చివరి అక్షరాలు చాలాసార్లు మౌనం. మూడు అచ్చులు వరసగా రాసి "ఓ" అంటారు. మన లిపిలో రాసిందే చదువుతాం కాబట్టి మనకి ఇది ఇంగ్లీష్ వాళ్లకంటే ఎక్కువ కడుపుమంట.

నేను మానేసింది కూడా దాదాపు ఇక్కడే. చదివితే అర్థమయ్యేది, వింటే ఒక్క ముక్క పట్టుకోలేకపోయేవాణ్ని. తర్వాత ఎప్పుడో స్టాక్‌హోంలో ఖాళీగా ఉన్నప్పుడు పాత ఫ్రెంచ్ నోట్సు తిరగేస్తుంటే బల్బు వెలిగింది. వాళ్లు మాటలు విడివిడిగా పలకరు, సంధి చేస్తారు! "రాముడు, అన్నాడు" అని మనం ఎవరమైనా అంటామా? "రాముడన్నాడు" అంటాం. ఫ్రెంచ్‌లో "ల" అనే మాట పక్కన స్నేహితుడు అనే "అమీ" వస్తే "లమీ". అచ్చం మన ఉత్వసంధి చేసే పనే. స్నేహితులు అనాలంటే "లె", "అమీ" కలిసి "లెజమీ", మధ్యలో ఒక "జ" ఊడిపడుతుంది. మా, అమ్మ కలిస్తే "మాయమ్మ" అని మధ్యలో "య" రావట్లేదా? మనకి యడాగమం, వాళ్లకి "జ" ఆగమం అనుకోండి. కారణాలు వేరు, ఆ "జ" వాళ్ల రాతలో దాక్కున్న ఎస్ అక్షరం, కానీ చెవికి పని ఒకటే. తొమ్మిదో తరగతి తెలుగు మాస్టారు బెత్తం పట్టుకుని నేర్పిన సంధులు గుర్తు చేసుకుని వింటే ఆ భాష సగం విడిపోతుంది. నాకు ఈ ముక్క 2022లో ఎవరైనా చెప్పి ఉంటే మానేసేవాణ్ని కాదేమో.

ఇంకోటి, ముక్కుతో పలికే శబ్దాలు. "మంచి" అనే మాట "బోఁ", వైన్ "వాఁ". మా తాతయ్య దగ్గర ఉన్న పాత పుస్తకాల్లో అరసున్న ఉంటుంది చూశారా, ఇప్పుడు ఎవరూ వేయట్లేదు, అది సరిగ్గా ఈ పనికే. అంతెందుకు, మీరు "వెళ్దాం" అని మామూలుగా అని చూడండి. చివర పెదాలు పూర్తిగా మూసుకోవు, ముక్కులోకి జారిపోతుంది. ఆ జారుడే కావాలి. త, ద కూడా మన త, ద లాగే పళ్లకి తగులుతాయి. గొంతులో గరగరలాడే ఆర్, పెదాలు "ఊ" లాగా పెట్టి లోపల "ఈ" అనే శబ్దం, ఈ రెండూ మాత్రం కష్టపడి తెచ్చుకోవాలి. ఆ "ఈ"‌ స్వీడిష్‌లోనూ ఉంది, తప్పించుకోలేరు.

క్రియలు మనిషిని బట్టి మారతాయని ఇంగ్లీష్ వాళ్లు ఫ్రెంచ్‌ని చూసి భయపడతారు. మనం భయపడాల్సిన పనిలేదు, మన క్రియలూ అంతే. వస్తువులకి కూడా ఆడ, మగ ఉండటం మాత్రం హిందీ నేర్చుకున్నప్పటి తలనొప్పే మళ్లీ. కుర్చీ ఆడ ఎందుకో, గోడ మగ ఎందుకో అడగకండి.

అంకెల గురించి ఒక్క మాట. ఫ్రెంచ్‌లో డెబ్బై అంటే "అరవై-పది", ఎనభై అంటే "నాలుగు-ఇరవైలు", తొంభై ఏడు అంటే "నాలుగు-ఇరవై-పదిహేడు". బెల్జియం, స్విట్జర్లాండ్ వాళ్లు డెబ్బైకీ తొంభైకీ వేరే మాటలు పెట్టుకుని బతికిపోయారు. పైగా ఫ్రాన్స్‌లో ఫోన్ నంబర్ రెండేసి అంకెలుగా చెప్తారు. ఆయన "అరవై" అనగానే మీరు ఆరు, సున్నా కొట్టేస్తారు, వెంటనే "పన్నెండు" అంటాడు, అది డెబ్బై రెండు. బ్యాక్‌స్పేస్. స్వీడిష్‌లో తొంభై ఏడు అంటే తొంభై ఏడే.

నువ్వా, మీరా?

మన గోదావరి వాళ్లకి ఇది చిన్న విషయం కాదు. "అండి" లేకుండా మనకి వాక్యం ముగియదు, "ఆయ్" లేకుండా ఒప్పుకోలు ఉండదు. ఫ్రెంచ్‌లో "త్యు" అంటే నువ్వు, "వు" అంటే మీరు. దుకాణంలో, ఆఫీసులో, కొత్తవాళ్లతో "వు". ఎప్పుడు ఏది వాడాలో మనకి లోపల్నించే తెలుస్తుంది.

స్వీడన్‌లో 1960ల చివర్లో మర్యాద పిలుపులన్నీ పోయాయి. 1967లో బ్రూర్ రెక్సెడ్ అనే ఆయన ప్రభుత్వ వైద్య శాఖకి అధిపతిగా చేరుతూ, ఇక్కడ అందరినీ "దూ" అనే పిలుస్తాను అని చెప్పేశాడు. అప్పటికే మొదలైన మార్పుకి ఆయన పేరు గుర్తుగా మిగిలిపోయింది. ఇప్పుడు డాక్టర్ని, ప్రొఫెసర్ని, బాస్‌ని, అందరినీ నువ్వే. మా టీమ్ మేనేజర్‌కి యాభై ఎనిమిదేళ్లు, మా నాన్నకంటే పెద్దాయన. ఇంగ్లీష్‌లో "యూ" అనేసేవాణ్ని. స్వీడిష్‌లో "దూ" అనడానికి నోరు వచ్చేది కాదు. తెలుగులో "ఏంట్రా నువ్వు" అన్నట్టు వినిపించేది నాకు. వాక్యాన్ని ఎలాగో తిప్పి, అసలు నువ్వు అనే మాట రాకుండా మాట్లాడేవాణ్ని. ఆయనకి నా స్వీడిష్ వీక్ అనిపించి ఉంటుంది.

ఫోన్‌తో ఎంతవరకు?

ఇది గ్యాడ్జెట్ సైట్ కాబట్టి ఇది చెప్పకపోతే బాగోదు. జీబోర్డ్‌లో ఫ్రెంచ్ యాడ్ చేస్తే కీల వరసే మారిపోతుంది, క్యూ ఉండాల్సిన చోట ఏ వస్తుంది. కంగారు పడకండి, యాడ్ చేసేటప్పుడే క్వెర్టీ లేఅవుట్ ఎంచుకోవచ్చు. స్వీడిష్‌కి మూడు అదనపు అచ్చుల కీలు పక్కన వస్తాయి అంతే. గూగుల్ ట్రాన్స్‌లేట్‌లో రెండు భాషలూ ఆఫ్‌లైన్ డౌన్‌లోడ్ అవుతాయి. నేరుగా తెలుగులోకి పెట్టకుండా ఇంగ్లీష్‌లోకి పెట్టుకోండి, నేను చూసినంతవరకు తెలుగులోకి వచ్చేసరికి "నువ్వు" అన్నదీ "మీరు" అన్నదీ రెండూ "మీరు" అయిపోతున్నాయి.

లెన్స్ నన్ను కాపాడిందీ, పరువు తీసిందీ. స్టాక్‌హోం అపార్ట్‌మెంట్లలో బట్టలు ఉతికే గది అందరికీ ఒకటే ఉంటుంది, టైమ్ స్లాట్ బుక్ చేసుకోవాలి. ఒకరోజు ఆ తలుపు మీద చేత్తో రాసిన కాగితం అతికించి ఉంది. లెన్స్ పెట్టి చూశాను. డ్రయ్యర్ ఫిల్టర్‌లో నూలు తీయకుండా వెళ్లిపోయే మనిషి గురించి అందులో చాలా మర్యాదగా, చాలా కోపంగా రాశారు. మనిషి నేనే. ఆ రాత్రే పుస్తకం కొన్నాను.

యాప్స్ విషయంలో నా అనుభవం ఏంటంటే మొదటి రెండు నెలలకి డ్యుయోలింగో చాలు, తర్వాత అది స్ట్రీక్ కాపాడుకునే ఆట అయిపోతుంది. అసలు పని వినడమే. ఫ్రెంచ్‌కి ఆర్ఎఫ్ఐ రేడియో సులభమైన ఫ్రెంచ్‌లో వార్తల కార్యక్రమం ఇస్తుంది, టీవీ5 మాండ్ వాళ్ల ఉచిత పాఠాలు ఉన్నాయి. స్వీడిష్‌కి స్వీడిష్ రేడియోలో "క్లార్తెక్స్త్" అనే సులభ వార్తలు, "ఒత్త సీదోర్" అనే సులభ వార్తాపత్రిక. రెండూ రోజుకి పది నిమిషాలు వినండి, చదవండి. కానీ మనిషి ఎదురుగా కావాలంటే తేడా తెలుస్తుంది. ఫ్రెంచ్‌కి హైదరాబాద్‌లో అలియాన్స్ ఫ్రాన్సేజ్ ఉంది, ఇఫ్లూ యూనివర్సిటీలో ఫ్రెంచ్ విభాగం ఉంది. స్వీడిష్‌కి హైదరాబాద్‌లో నేను వెతికితే ఆన్‌లైన్ ట్యూటర్లు తప్ప ఎవరూ దొరకలేదు.

యానాం సంగతి

మా ఇంటి నుంచి బైక్ మీద గంటలో ఒకప్పటి ఫ్రెంచ్ రాజ్యానికి వెళ్లొచ్చు. యెదుర్లంక దగ్గర బాలయోగి గారి పేరు పెట్టిన వంతెన ఎక్కితే గౌతమి దాటగానే యానాం. 2002లో ఆ వంతెన రాకముందు పంటు మీద దాటేవాళ్లు. 1723లో ఫ్రెంచ్ వాళ్లు అక్కడ కొట్టు పెట్టారు. 1954 దాకా అది వాళ్లదే, చట్టప్రకారం అప్పగింత పూర్తయింది 1962లో. తర్వాత కావాలన్నవాళ్లు ఫ్రెంచ్ పౌరసత్వం ఉంచుకోవడానికి ఆరు నెలలు గడువు కూడా ఇచ్చారు. బ్రిటిష్ ఇండియాలో బాల్యవివాహాల మీద శారదా చట్టం వస్తే, ఇటువైపు వాళ్లు పడవెక్కి వెళ్లి అక్కడ చిన్నపిల్లలకి పెళ్లిళ్లు చేసుకొచ్చిన చరిత్ర కూడా ఉంది, యానాంకి కల్యాణపురం అని పేరు వచ్చింది అందుకే.

రెండు వందల ఏళ్లు ఆ ఒడ్డున ఫ్రెంచ్ ఉంది. ఇవాళ యానాం బజార్లో చేపలు బేరం చేస్తే వినపడేది మన తెలుగే, మన యాసే. ఫ్రెంచ్ కచేరీ కాగితాల్లో, చదువుల్లో ఉండేది. ఆ కాగితాలు వెళ్లిపోయాక భాష కూడా చాలావరకు వెళ్లిపోయింది. మా తాతయ్యకి యానాంలో ఫ్రెంచ్ బాగా వచ్చిన స్నేహితుడు ఒకాయన ఉండేవాడట. ముసలితనంలో మాట్లాడటానికి మనిషి లేక, పోస్టులో వచ్చే కాగితాలు మాత్రం పైకి చదువుకునేవాడని తాతయ్య చెప్పేవాడు. మొన్నటిదాకా అది నాకు తమాషా కథ. ఇప్పుడు నా స్వీడిష్ పరిస్థితి కూడా అదే.

మరి మిమ్మల్ని ఆ భాష అడిగేది ఎవరు?

తమ్ముడికి నేను చెప్పిన అసలు పాయింట్ ఇదే. స్పెక్ షీట్ చూస్తే స్వీడిష్ గెలుస్తుంది. గంటలు తక్కువ, క్రియలు మారవు, మన నోటికి పడుతుంది. కానీ సిగ్నల్ లేని చోట ఫోన్ ఎంత మంచిదైతే ఏం లాభం?

ఫ్రెంచ్ మాట్లాడేవాళ్లు ప్రపంచంలో 30 కోట్లకి పైనే. ఫ్రాన్స్, కెనడాలో కెబెక్, ఆఫ్రికాలో చాలా దేశాలు. కెనడా 2023 నుంచి ఎక్స్‌ప్రెస్ ఎంట్రీలో ఫ్రెంచ్ వచ్చినవాళ్లకి ప్రత్యేక కేటగిరీ పెట్టింది. చదవడం, రాయడం, వినడం, మాట్లాడటం నాలుగింట్లోనూ ఎన్‌సీఎల్‌సీ 7 కావాలి, సుమారుగా బీ2. 2024 ఫిబ్రవరిలో ఆ కేటగిరీ కటాఫ్ 336 దాకా దిగింది, అదే నెలలో జనరల్ డ్రాల్లో 530 దాటింది. ఆ తేడా ఎంతో స్కోర్ లెక్కలు వేసుకునేవాళ్లకి వేరే చెప్పక్కర్లేదు. మా రూమ్మేట్ రెండేళ్లకి పైగా లాగి, రెండోసారి రాసి, స్కోర్ తెచ్చుకుని వెళ్లాడు. పరీక్షల్లో జాగ్రత్త, దీనికి కావాల్సింది టెఫ్ కెనడా లేదా టీసీఎఫ్ కెనడా, వాటి ఫలితం రెండేళ్లే చెల్లుతుంది. డెల్ఫ్ సర్టిఫికెట్ జీవితాంతం ఉంటుంది కానీ ఎక్స్‌ప్రెస్ ఎంట్రీకి పనికిరాదు. చాలా మంది ఇక్కడ డబ్బు పోగొట్టుకుంటారు. రూల్స్ కూడా మారుతుంటాయి, కట్టే రోజున కెనడా ప్రభుత్వ సైట్ మీరే చూసుకోండి, కన్సల్టెన్సీ బ్రోచర్ కాదు.

స్వీడిష్ మాట్లాడేవాళ్లు కోటి పైచిలుకు, దాదాపు అందరూ స్వీడన్‌లో, కొందరు ఫిన్లాండ్‌లో. వాళ్లందరికీ ఇంగ్లీష్ బాగా వచ్చు. మీరు రెండు ముక్కలు స్వీడిష్ మాట్లాడగానే మర్యాదకి ఇంగ్లీష్‌లోకి మారిపోతారు, నేర్చుకునేవాడికి అదో శాపం. మాస్టర్స్ ఇంగ్లీష్‌లోనే చేయొచ్చు. మన వాళ్లు ఎక్కువగా వెళ్లిన కార్ల్స్‌క్రూనాలోని బీటీహెచ్, జేఎన్టీయూ హైదరాబాద్‌తో కలిసి డబుల్ డిగ్రీ కూడా నడిపింది. 2011 నుంచి యూరప్ బయటివాళ్లకి అక్కడ ఫీజు ఉంది, అంతకుముందు లేదు. ఐటీ జాబ్ కూడా ఇంగ్లీష్‌తో నడుస్తుంది. కానీ ఆ జాబ్ పోయాక రెండోది వెతికేటప్పుడు చాలా ప్రకటనల్లో స్వీడిష్ తప్పనిసరి అని ఉంటుంది. పదకొండో నెలలో నేను చూసినవన్నీ అవే. అక్కడ నివాసిగా నమోదైనవాళ్లకి మున్సిపాలిటీ వాళ్లు ఎస్ఎఫ్ఐ అని ఉచితంగా స్వీడిష్ నేర్పుతారు. నేను వెళ్లిన మొదటి వారంలో కాకుండా నాలుగో నెలలో చేరాను, తలుపు మీద కాగితం చూశాక. ఆ మూడు నెలలు ముందు మొదలుపెట్టి ఉంటే ఆ ప్రకటనల్లో ఒకటో రెండో అప్లై చేసే స్థాయికి వచ్చేవాణ్నని ఇప్పటికీ అనిపిస్తుంది.

కాబట్టి నా సలహా సూటిగా చెప్తున్నాను. చేతిలో స్వీడన్ అడ్మిషన్ లెటరో, ఆఫర్ లెటరో ఉంటే స్వీడిష్, అది కూడా ఫ్లైట్ ఎక్కకముందే మొదలుపెట్టండి, ఆఫీసంతా ఇంగ్లీషే అని ఎవరు చెప్పినా వినకండి. అలాంటి కాగితం ఏదీ లేకపోతే ఫ్రెంచ్. కష్టమే, రెండేళ్లు పడుతుంది, మొదటి ఆరు నెలలు వినపడదు, అయినా ఫ్రెంచ్. సరదాకి నేర్చుకునేవాళ్లకి ఈ గోల ఏమీ లేదు, ఏది వింటే చెవికి బాగుంటే అది.

తమ్ముడు అంతా విని, "ఆయ్, అయితే సంధులు మళ్లీ చదవాలంటావ్" అన్నాడు. హైదరాబాద్‌లో ఎ1 బ్యాచ్‌లో చేరాడు. నిన్న వాయిస్ మెసేజ్ పెట్టాడు, "లెజమీ" అని నాలుగుసార్లు అన్నాడు, బాగానే అన్నాడు. నా ఫోన్‌లో స్వీడిష్ కీబోర్డ్ ఇంకా తీయలేదు. తెలుగులో టైప్ చేస్తుంటే అప్పుడప్పుడు పొరపాటున అది ఓపెన్ అవుతుంది.